లాబీలో సముద్రం సరే, మే నెలలో నీళ్లెవరు పోస్తారు?

ఫైనల్ ఇయర్ అన్నలు, అక్కలు ఈసారి ఫేర్‌వెల్ గుర్తుగా మన డిపార్ట్‌మెంట్‌కి ఒక చిన్న రీఫ్ ట్యాంక్ ఇద్దామనుకుంటున్నారు. గ్రౌండ్ ఫ్లోర్ లాబీలో, నోటీస్ బోర్డు పక్కన, 50 లీటర్ల ఉప్పునీళ్ల అక్వేరియం. నీలం లైటు, రాళ్లు, రెండు నీమో చేపలు, కుదిరితే నాలుగు పగడాలు. గ్రూపులో పోల్ పెట్టారు. నేను చూసేసరికి 140 మంది "సూపర్" నొక్కేశారు. "వద్దు" అన్నవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో నేనొకణ్ని.

"మీ ఇంట్లోనే ఉంది కదరా, నువ్వే వద్దంటావేంటి?" అని రూమ్మేట్ అడిగాడు. ఇంట్లో ఉంది కాబట్టే వద్దన్నాను. వాట్సాప్‌లో రాస్తే ఎవరూ చదవరు, అందుకే ఇక్కడ రాస్తున్నా. నా తెలుగు కొంచెం అటూ ఇటూ ఉంటే ఎడిటర్ అక్క సర్దుకుంటుంది.

రీఫ్ అంటే పగడపు దిబ్బ. మా అమ్మ చదివిన తెలుగు మీడియం సోషల్ పుస్తకంలో దాని పేరు "ప్రవాళ భిత్తిక". ఆ మాట నేను అమ్మ దగ్గరే మొదటిసారి విన్నాను. రీఫ్ ట్యాంక్ అంటే ఆ దిబ్బలో ఒక చిన్న ముక్కని గాజుపెట్టెలో బతికించడం. చేపల్ని పెంచడం అందులో చిన్న భాగం. అసలు పెంచేది నీళ్లని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రాళ్ల మీద కంటికి కనపడకుండా ఉండే బ్యాక్టీరియాని.

చేప తింటుంది, విసర్జిస్తుంది. అందులోంచి అమ్మోనియా వస్తుంది. అది చేపకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ ప్రమాదమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది తక్కువ మోతాదులో ఉంటే పర్వాలేదు. ఈ రెండు రకాలూ రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ట్యాంకులో చేప ఉండకూడదు. నీళ్లు, రాళ్లు, పంపు మాత్రమే. చూసేవాళ్లకి ఖాళీ పెట్టె. ఫేర్‌వెల్ రోజు రిబ్బన్ కట్ చేసి అదే రోజు చేపల్ని వదులుదామంటున్న వాళ్లకి నా మొదటి అభ్యంతరం ఇదే.

రెండో అభ్యంతరం సైజు గురించి. "చిన్నదే కదా, ఈజీగా ఉంటుంది" అని పోల్ కింద చాలామంది రాశారు. నిజం దీనికి పూర్తిగా రివర్స్. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 50 లీటర్లలో 1750 గ్రాములు. ఎండాకాలం పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఇంత ట్యాంకులోంచి రోజుకి ఒక లీటరు సులువుగా ఆవిరైపోతుంది. నీళ్లు పోతాయి కానీ ఉప్పు పోదు. స్టవ్ మీద పులుసు మర్చిపోతే ఏమవుతుందో అదే అవుతుంది. నాలుగు రోజుల లాంగ్ వీకెండ్‌లో ఎవరూ నీళ్లు పోయకపోతే మిగిలేది 46 లీటర్లు, అంటే లీటరుకి 38 గ్రాములు. వారం పోయకపోతే 40.7. అదే 500 లీటర్ల ట్యాంకులోంచి వారంలో 20 లీటర్లు పోయినా 36.5 దగ్గర ఆగుతుంది. పెద్ద ట్యాంకు తప్పుని కడుపులో దాచుకుంటుంది. చిన్నది వెంటనే బయటపెట్టేస్తుంది.

ఇంకోటి. ఆవిరైన చోట పోయాల్సింది ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లు. అది కూడా కుళాయివి కాదు, ఆర్వోలో వడకట్టి ఆ తర్వాత డీఐ ఫిల్టర్ కూడా దాటినవి. ఇది తెలియక ప్రతిసారీ ఉప్పునీళ్లే పోసి, చేపలెందుకు చచ్చిపోతున్నాయో అర్థంకాక, ట్యాంకుని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు నా సంగతి. వైజాగ్‌లో మా ఇంట్లో హాల్లో ఉన్న ట్యాంకు కూడా 50 లీటర్లదే. ఇంటర్ సెకండ్ ఇయర్‌లో పెట్టాను. ఆరు వారాలు ఓపిక పట్టాను, రెండు క్లౌన్‌ఫిష్ తెచ్చాను, అంతా బాగుంది. మూడో నెలలో రాళ్ల మీద గోధుమరంగు పొర వచ్చింది, దాని మీద పచ్చగా జుట్టులాంటి నాచు మొదలైంది. కొత్త ట్యాంకులన్నిటికీ వచ్చే దశే అది. నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తూ, మేత తగ్గిస్తూ, నత్తల్ని వదిలితే కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఈ విషయం నేను చదివాను కూడా. కానీ ఆ వారం ఫ్రెండ్స్ ఇంటికొస్తున్నారు. ట్యాంకు మురికిగా కనిపించకూడదు.

ఆదివారం పొద్దున్నే రాళ్లన్నీ బయటికి తీసి, కుళాయి కింద పెట్టి బ్రష్‌తో రుద్దేశాను. 50 లీటర్లలో 40 లీటర్ల నీళ్లు మార్చేశాను. సాయంత్రానికి ట్యాంకు షోరూమ్‌లా మెరిసింది. ఫ్రెండ్స్ ఫొటోలు తీసుకున్నారు. మంగళవారం పొద్దున చూస్తే పెద్ద చేప నీళ్ల పైకొచ్చి గబగబా ఊపిరి తీసుకుంటోంది. అమ్మోనియా టెస్ట్ చేస్తే సీసా పచ్చగా మారింది. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో, బ్రష్‌తో మూడు నెలల బ్యాక్టీరియాని నేనే కడిగి పారేశాను. బుధవారం పెద్ద చేప చచ్చిపోయింది.

అమ్మకి కెమిస్ట్రీ చెప్పబోయాను. ఆవిడ సగంలోనే ఆపి, "పెరుగు గిన్నె మొత్తం తోమేసి, తోడు ఏదిరా అంటే ఎక్కణ్నుంచి వస్తుంది?" అంది. నేను చదివిన వాటన్నిటికన్నా ఆ మాటే బాగా గుర్తుండిపోయింది. 

అప్పట్నుంచి నా అభిప్రాయం ఒకటే. చిన్న రీఫ్ ట్యాంకుని బద్ధకం కన్నా ఎక్కువగా చంపేది హడావుడి. బద్ధకం వల్ల వచ్చే నష్టం మెల్లగా వస్తుంది, మధ్యలో మేలుకునే టైమ్ ఉంటుంది. "ఇవాళే సరిచేసేస్తా" అనుకున్నప్పుడు వచ్చే నష్టం ఒక్కరోజులో వచ్చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే, శుక్రవారం రాత్రి టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో హాట్‌ఫిక్స్ వేయడం.

మరి ఏం చేయాలి? చాలా బోరింగ్ పని. వారానికోసారి పదో వంతు నీళ్లు మార్చాలి. అంతే. దీని వెనక చిన్న లెక్కుంది, సీఎస్ఈ వాళ్లకి నచ్చుతుంది. ట్యాంకులో నైట్రేట్ వారానికి 2 పాయింట్లు పెరుగుతోందనుకోండి. అసలు నీళ్లే మార్చకపోతే ఏడాదికి వందకి పైగా చేరుతుంది. ప్రతి వారం 10 శాతం మారిస్తే, అది పెరుగుతూ పెరుగుతూ 20 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ తీసేసే పదో వంతు కూడా సరిగ్గా 2 పాయింట్లే. 20 శాతం మారిస్తే 10 దగ్గరే ఆగుతుంది. ఒకేసారి 80 శాతం మార్చి మూడు నెలలు వదిలేసే హీరోయిజం కన్నా, ప్రతి ఆదివారం ఐదు లీటర్ల బకెట్ మోసే మామూలుతనం గొప్పది. అందులో ఏ వారమూ చేపకి షాక్ ఉండదు.

నైట్రేట్‌ని సున్నా చేసేద్దామనుకోవడం కూడా తప్పే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పూర్తిగా సున్నా అయిపోతే పగడాలకి ఆకలి. ఖాళీ అయిన ఆ జాగాలో డైనోఫ్లాజెల్లేట్స్ అనే గోధుమరంగు జిగురు వ్యాపిస్తుంది. దాన్ని వదిలించుకోవడం మామూలు నాచు కన్నా చాలా కష్టం. కాస్త మురికి ఉండాలి. ఎంత అన్నదే విషయం.

పగడాల సంగతి నాకు మా పెదనాన్నగారి అబ్బాయి వల్ల తెలుసు. అన్నయ్య టెక్సాస్‌లో డల్లస్ దగ్గర ఉంటాడు. అక్కడ పగడాల్ని ట్యాంకుల్లోనే ముక్కలుగా కోసి పెంచి అమ్ముతారు, సముద్రంలోంచి తీసినవి కొనక్కర్లేదు. అన్నయ్య దగ్గర 75 లీటర్ల ట్యాంకు ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఘోరమైన చలి తుఫాను వచ్చి లక్షల ఇళ్లకి కరెంట్ పోయింది. అన్నయ్య వీడియో కాల్‌లో చూపించాడు. ట్యాంకు చుట్టూ దుప్పట్లు, గ్యాస్ స్టవ్ మీద కాచిన నీళ్లు బాటిళ్లలో పోసి ట్యాంకులో తేలేశాడు, గాలి కోసం బ్యాటరీ పంపు. చేపలన్నీ బతికాయి. పగడాలు రెండే పోయాయి.

కరెంట్ వచ్చాక అన్నయ్య టెస్ట్ చేశాడు. పగడం తన అస్థిపంజరం కట్టుకోడానికి కాల్షియం, కార్బొనేట్ కావాలి. ఆ కార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలతని ఆల్కలినిటీ అంటారు. ఎప్పుడూ 8.5 ఉండేది 6.5కి పడిపోయింది. రోజుకి ఒక పాయింట్‌కి మించి పెంచకూడదని రీఫ్ పెంచేవాళ్లందరూ చెప్తారు. అన్నయ్య కంగారుపడి ఒక్క రాత్రిలో 10కి లాగేశాడు. నాలుగు రోజుల్లో కొమ్మల చివర్లు తెల్లబడి, పైపొర ఊడిపోయి, ఇంకో నాలుగు పోయాయి. "తుఫాను చంపింది రెండే రా, నేను చంపింది నాలుగు" అని ఇప్పటికీ అంటాడు.

మన లాబీలో పగడాలు పెట్టాలన్నవాళ్లు ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉండేది కూడా అక్కడే. ఆ షెడ్యూల్ కింద శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. షాపువాడు "ఏం కాదు బాస్, అందరూ తీసుకెళ్తారు" అనొచ్చు. నాతోనూ ఒకతను అన్నాడు. చట్టం పక్కన పెట్టినా, గల్ఫ్ ఆఫ్ మన్నార్‌లో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో మిగిలిన దిబ్బలే ఇబ్బందుల్లో ఉన్నాయి. సముద్రం ఎప్పటి ఎండాకాలం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తనలో ఉండే నాచుని వదిలేసి తెల్లబడిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇది జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అలాంటప్పుడు అక్కడ ఒక ముక్క విరిచి ఇక్కడ నోటీస్ బోర్డు పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు. మా ఇంట్లో ట్యాంకులో రాళ్లు కూడా సముద్రానివి కావు, తయారుచేసినవి. పగడాలు లేవు. పచ్చటి సముద్రపు నాచు ఒక గుత్తి, నత్తలు, హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్. మన సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లు క్లౌన్‌ఫిష్‌ని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు. చేప కావాలంటే అలాంటి దారి ఉంది.

ఇక్కడ మనవాళ్లు తప్పకుండా అనేమాట: "మనం సీఎస్ఈ కదా, అంతా ఆటోమేట్ చేసేద్దాం. సెన్సర్లు, ఆర్డుయినో, ఫోన్‌కి అలర్ట్." చేద్దాం, నేనూ చేశాను. నీటిమట్టం తగ్గితే పక్క డబ్బాలోంచి మంచినీళ్లు పోసే ఫ్లోట్ స్విచ్ పెట్టాను. ఒకరోజు నత్త వెళ్లి ఆ ఫ్లోట్ మీద కూర్చుంది. నీళ్లు తక్కువగా ఉన్నాయనుకుని పంపు పోస్తూనే ఉంది. నా కోడ్‌లో అన్ని ఎర్రర్లూ ఉన్నాయి కానీ నత్త లేదు. అదృష్టం కొద్దీ డబ్బాలో ఉన్నవి మూడు లీటర్లే. ఉప్పు 35 నుంచి 33కి తగ్గి ఆగింది. అదే పది లీటర్ల డబ్బా పెట్టి ఉంటే, హాల్లోకి పొర్లినది పొర్లగా, 30 కిందికి పోయే ప్రమాదం ఉంది. నేర్చుకున్నదేంటంటే, ఆటోమేషన్ ఫెయిల్ అవ్వదని నమ్మకూడదు, ఫెయిల్ అయినా నష్టం చిన్నదిగా ఉండేలా కట్టాలి. ఆ నత్తని చూసి తీసేయడానికి ఎలాగూ ఒక మనిషి ఉండాల్సిందే.

1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన పెద్ద యంత్రాలేవీ లేకుండా, సముద్రంలోంచి తెచ్చిన రాళ్లు, గాలి బుడగలు, ఎండ, వీటితోనే రీఫ్ ట్యాంకులు నడిపి, ఆ పద్ధతి గురించి రాశారు. ఆయనకి లేనివి ఖరీదైన పరికరాలు. ఉన్నవి పక్కనే సముద్రం, రోజూ ట్యాంకుని చూసే కళ్లు. మన లాబీకి మొదటిది లేదు. రెండోదైనా ఉందా?

లాబీని ఒకసారి చూడండి. సాయంత్రం ఆరున్నరకి వాచ్‌మన్ బ్లాక్ మొత్తానికి మెయిన్ ఆపేస్తాడు. అంటే రాత్రంతా పంపు ఉండదు. నాచు కూడా చీకట్లో ఆక్సిజన్ ఇవ్వదు, తీసుకుంటుంది. తెల్లవారుజామున ట్యాంకులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే మనకి కరెంట్ ఉండదు. ఇక మే నెల. ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మన లాబీ ఎంతుంటుందో సప్లిమెంటరీ రాసినవాళ్లని అడగండి. నీళ్లని చల్లబరిచే చిల్లర్ ట్యాంకు కన్నా ఖరీదు. ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీళ్లు ఇంకా త్వరగా ఆవిరవుతాయి. అంటే మళ్లీ మంచినీళ్లు, మళ్లీ ఒక మనిషి.

అన్నిటికన్నా నన్ను ఆపేది ఒక్క అంకె. క్లౌన్‌ఫిష్ సరిగ్గా చూసుకుంటే 20 ఏళ్లు దాటి కూడా బతుకుతుంది. మన కోర్సు నాలుగేళ్లు. ఈ గిఫ్ట్ ఇచ్చే బ్యాచ్ ఇంకో నెలలో వెళ్లిపోతుంది. మనకి తర్వాత వచ్చే ఐదు బ్యాచ్‌లకి మనం ఒక ప్రాణాన్ని అప్పగిస్తున్నాం, వాళ్లని అడగకుండా.

నేను కూడా అడగలేదు. అది ఒప్పుకోవాలి. హాస్టల్‌కి వచ్చి రెండేళ్లవుతోంది. ట్యాంకు గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ "నా ట్యాంక్" అనే అంటాను. పోయిన దసరాకి ఇంటికెళ్లినప్పుడు వంటింట్లో గోడ క్యాలెండర్ తిప్పుతుంటే, తిథుల పక్కన ప్రతిరోజూ పెన్నుతో చిన్న టిక్కు, ఆదివారాల్లో టిక్కు చుట్టూ సున్నా కనిపించాయి. పాలవాడి లెక్కేమో అనుకున్నాను. అమ్మని అడిగితే, టిక్కంటే నీళ్లు పోసినట్టు, సున్నా అంటే బకెట్ మార్చినట్టు అంది. నేను ట్యాంకు మీద మార్కర్‌తో గీసిన గీత చెరిగిపోతే, దాని మీద బొట్టు బిళ్ల అంటించింది. నీళ్లు ఆ బిళ్ల కిందికి వెళ్లకూడదు, అదీ లెక్క. మిగిలిన చిన్న చేప పక్కకి తర్వాత ఇంకోటి తెచ్చాం. పాతది ఇప్పుడు పెద్దదై ఆడదిగా మారింది. క్లౌన్‌ఫిష్‌లో ఆడది పోతే మగది ఆడదవుతుంది. రెండూ ఒక రాయి దగ్గరే తిరుగుతుంటాయి. ట్యాంకు నేను ఇంట్లో ఉన్నప్పటికన్నా బాగుంది. అమ్మ దాన్ని ఎప్పుడూ "సరిచేయలేదు" కాబట్టి. రెండేళ్లలో ఆవిడ ఏ ఊరూ నాలుగు రోజులకి మించి వెళ్లలేదు. అది ట్యాంకు వల్లేనా అని అడిగే ధైర్యం నాకు రాలేదు.

మన లాబీలో ఆ పని ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. ల్యాబ్ అటెండర్ అన్న మీద. ఆయన్ని ఎవరూ పోల్‌లో చేర్చలేదు. మొదటి నెల మనం రీల్స్ చేస్తాం, రెండో నెల మిడ్స్, మూడో నెల నుంచి ఆయన ఒక మగ్గుతో కుళాయి నీళ్లు పోస్తుంటాడు, ఎందుకంటే ఎవరూ ఆయనకి చెప్పి ఉండరు.

నేను పూర్తిగా వద్దనట్లేదు. నా మాట ఇది. ముందు ఒక రిజిస్టర్ పెడదాం. 52 వారాలు, ప్రతి వారానికి ఒక పేరు, వేసవి సెలవులతో కలిపి. అటెండర్ అన్నని కూర్చోబెట్టి అడుగుదాం, ఒప్పుకుంటే నెలనెలా డబ్బివ్వాలి, అది కూడా గిఫ్ట్ బడ్జెట్‌లో చేర్చాలి. ఒక్క పంపుకైనా రాత్రంతా ఇన్వర్టర్ లైను ఇవ్వాలని హెచ్ఓడీ సార్ దగ్గర కాగితం మీద రాయించుకుందాం. పగడాలు వద్దు, హేచరీ చేపలు రెండే. ఈ పేర్లన్నీ నిండితే నా ఓటు మార్చుకుంటాను. నిండకపోతే అదే డబ్బుతో లాబీలో నాలుగు మంచి బెంచీలు వేయించండి. వాటికి నీళ్లు పోయక్కర్లేదు.

ఇది రాసే ముందు ఆ రిజిస్టర్ నేనే ఒక షీట్‌లో తయారుచేశాను. జులై నుంచి ఏప్రిల్ దాకా నా వంతు వారాల్లో నా పేరు రాసుకున్నాను. మే నెల గడుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. మేలో నేను ఇంటికెళ్లాలి. అమ్మని ఓ పది రోజులు ఎక్కడికైనా పంపించాలి.

షీట్ లింకు గ్రూపులో పెట్టాను. మే నెల ఇంకా ఖాళీగానే ఉంది.